పాత కట్టడాలు – ఊరి జ్ఞాపకాలు

పాత భవనాన్ని కట్టడానికి ఏళ్ళు పట్టి ఉండవచ్చు; పడగొట్టడానికి ఒక్క రోజు చాలు. ఉదయం జేసీబీ వస్తే సాయంత్రానికి అక్కడ ఖాళీ స్థలం మిగులుతుంది. ఇటుకకు, కలపకు, రాతికి వెల కట్టవచ్చు; వాటిని మరొకచోట కొనుక్కోవచ్చు. ఆ భవనం ఊరిని గురించి ఇచ్చే సాక్ష్యం మాత్రం మరొకచోట దొరకదు. ఆ సాక్ష్యం ఎలాంటిది, అది పోతే ఎవరికి నష్టం, దానిని నిలుపుకోవడానికి బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు సైతం ఏమి చేయగలవు అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

ఒక రాయి మార్చిన చరిత్ర

ఎలక్ట్రానిక్ సిటీకి పది కిలోమీటర్ల లోపే బేగూరు ఉంది. అక్కడి నాగేశ్వరాలయం పశ్చిమ గాంగుల కాలం నాటిది. ఆ ఆలయ ప్రాంగణంలో వీరగల్లులు ఉన్నాయి. యుద్ధంలో మరణించిన వీరుని స్మృతికి నిలిపిన శిలను వీరగల్లు అంటారు. ఇక్కడి శిలలలో ఒకదానిపై సుమారు సా.శ. 890 నాటి హళగన్నడ శాసనం ఉంది. నాగత్తరుడనే అధికారి ఇంటివారు ‘బెంగళూరు కాళగ’లో, అంటే బెంగళూరు యుద్ధంలో, మరణించారని అది తెలుపుతుంది.

ఈ ఒక్క మాటకు ఎంత విలువ ఉందో చూడాలి. బెంగళూరు పేరు పుట్టుకను గురించి ప్రచారంలో ఉన్న కథ అందరికీ తెలిసినదే. హొయసల రాజు వీరబల్లాళుడు వేటలో దారి తప్పి ఆకలితో ఒక వృద్ధురాలి గుడిసెకు చేరాడని, ఆమె ఉడికించి పెట్టిన గింజలు తిని ఆ చోటికి ‘బెందకాళూరు’ అని పేరు పెట్టాడని ఆ కథ చెబుతుంది. వీరబల్లాళుడు పన్నెండవ శతాబ్ది చివరి భాగంలో రాజ్యానికి వచ్చినవాడు. బేగూరు శిల అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే ‘బెంగళూరు’ అనే పేరును పలికింది. కెంపేగౌడ 1537లో కోట కట్టించి పేటను నెలకొల్పడానికి ఆరు శతాబ్దాలకు పైగా ముందే ఆ పేరుతో ఒక ఊరు ఉన్నదని దీనివల్ల తేలింది. ఉడికిన గింజల కథ ప్రజల ఊహకు సాక్ష్యం. ఆ శిల ఊరి వయసుకు సాక్ష్యం. రెండూ కావలసినవే గాని, ఒకటి మరొకదాని పని చేయలేదు.

శాసనశిలలను మురుగుకాలువపై పలకలుగా, బట్టలుతికే బండలుగా వాడడం దక్షిణదేశంలో అరుదు కాదు. బేగూరు శిలకు కూడా ఆ గతి పట్టి ఉంటే, ఈ మహానగరం తన వయసును వందల ఏళ్ళు తక్కువగా చెప్పుకొని ఉండేది. తాను పోగొట్టుకున్నదేమిటో కూడా దానికి తెలిసేది కాదు. కట్టడాలు పోవడంలోని అసలు నష్టం ఇదే. పోయిన వస్తువు కనిపించదు. పోయిందన్న సంగతి కూడా కనిపించదు.

2018లో హెబ్బాళ్‌లో మురుగుకాలువ పనులకు నేల తవ్వుతుండగా మరొక వీరగల్లు బయటపడింది. కిట్టయ్య అనే వీరుని స్మృతికి నిలిపిన ఆ శిల సుమారు సా.శ. 750 నాటిదని పండితులు నిర్ణయించారు. బెంగళూరులో ఇంతవరకు దొరికిన కన్నడ శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా దానికి పేరు వచ్చింది. స్థానికులు, చరిత్రాభిమానులు పూనుకొని దానికొక మండపం కట్టించారు. నేటి హెబ్బాళ్ నాటి ‘పెర్బొళల్’ అని ఆ శిలే తెలిపింది. తవ్వినవారు ఆగి చూడకపోయి ఉంటే ఆ రాయి కంకరలో కలిసిపోయేది.

ఎలక్ట్రానిక్ సిటీ కింద ఉన్న ఊళ్ళు

ఎలక్ట్రానిక్ సిటీ ఖాళీ నేలపై వెలసిందని, దానికి చరిత్ర లేదని చాలామంది భావిస్తారు. ప్రభుత్వరంగ సంస్థ కియోనిక్స్ తొలి అధ్యక్షుడు ఆర్.కె. బాళిగా సంకల్పంతో 1978లో 332 ఎకరాలలో ఈ పారిశ్రామికవాడ మొదలైంది. ఆ భూమి కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాలది. ఆ గ్రామాలకు గుడులు, చెరువులు, రచ్చకట్టలు, పొలిమేర రాళ్ళు ఉండేవి. అద్దాల మేడల వెనుక సందులలో నడిస్తే పెంకుటిల్లో, రాతి స్తంభాల వసారానో, రావిచెట్టు కింద నాగశిలలో నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి.

ఊళ్ళ రూపం మారినా పేర్లు కొంత చరిత్రను దాచుకుంటాయి. ‘అగ్రహారం’ అంటే విద్వాంసుల జీవనానికై దానమిచ్చిన గ్రామం. బొమ్మసంద్ర, వీరసంద్ర, సింగసంద్ర అనే పేర్ల చివరనున్న ‘సంద్ర’ సముద్ర శబ్దానికి వాడుకరూపం. పెద్ద చెరువును సముద్రమని పిలవడం తెలుగువారికీ అలవాటే. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం ఇందుకు నిదర్శనం. కన్నడంలో ‘హళ్ళి’ అంటే తెలుగులో ‘పల్లె’. పాలు–హాలు, పులి–హులి అన్నట్లే పల్లె–హళ్ళి. పెర్బొళల్ హెబ్బాళ్ కావడంలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది.

పాత బెంగళూరు పేటలో ఇదే సంగతి మరింత స్పష్టం. బియ్యం అమ్మిన చోటు అక్కిపేటె, పత్తి అమ్మిన చోటు అరళెపేటె, గాజులు అమ్మిన చోటు బళెపేటె, నూనె గానుగలవారి వీధి గాణిగరపేటె, కుమ్మరుల వీధి కుంబారపేటె. పేరు, కట్టడం రెండూ ఉంటే చరిత్ర చూపి చెప్పవచ్చు. పేరు మాత్రమే మిగిలితే నమ్మమని అడగవలసి వస్తుంది. చెరువు పూడి, పాత గుడి గోడలు పోయిన తరువాత ‘బొమ్మసంద్ర’ అనేది మెట్రో మార్గంలోని ఒక చివరి స్టేషను పేరుగానే పిల్లలకు తెలుస్తుంది.

ఇంటితోపాటు పోయే మాటలు

కట్టడంతోపాటు భాష కూడా పోతుంది. రాయలసీమ మట్టిమిద్దెలో దూలాలపై దంతెలు పరచి, పైన చౌడుమట్టి కప్పేవారు. వెలుతురుకు, పొగ పోవడానికి గవాక్షి ఉండేది. కోస్తా జిల్లాల మండువా ఇంటిలో నాలుగు వైపుల చూరు నీరు నడిమి వాకిట పడేది. వీధి గుమ్మానికి ఇరుపక్కల అరుగులుండేవి. బాటసారి కూర్చున్నదీ, బడిపంతులు పాఠం చెప్పినదీ, తగవు తీరినదీ ఆ అరుగు మీదనే. అపార్టుమెంటులో పెరిగిన బిడ్డకు ‘అరుగు’ అనే మాట అర్థం చెప్పడానికి నిఘంటువు చాలదు. అరుగు ఉన్న ఇల్లు కావాలి. కన్నడిగులు అదే అరుగును ‘జగలి’ అంటారు. దొడ్డతోగూరులో ఒక జగలి ఇల్లు పడిపోతే కన్నడ బాలుడు ఒక మాటను కోల్పోతాడు. పక్కింటి తెలుగు బాలిక దానికి సమానమైన తన మాటను చూసి నేర్చుకునే అవకాశాన్ని కోల్పోతుంది.

నిలుపుకోదగిన జ్ఞాపకాలన్నీ మధురమైనవే కానక్కరలేదు. తెలంగాణ పల్లెలలోని గడీలు శిల్పుల నేర్పుకు సాక్ష్యాలు. వెట్టిచాకిరీకి కూడా సాక్ష్యాలే. అవి నేలమట్టమైతే దొరల వైభవంతోపాటు వారి గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడినవారి కష్టానికి ఉన్న ఆధారమూ పోతుంది. పాత కట్టడాన్ని కాపాడడమంటే పాతకాలాన్ని పొగడడం కాదు. జరిగినది జరిగినట్లు చెప్పగల సాక్షిని బతికించడం.

కూల్చివేతకు కారణాలు

పాత ఇంటిని పడగొట్టే యజమానిని నిందించడం తేలిక. అతని ఇబ్బందులు నిజమైనవి. భూమి ధర పెరిగింది. ఒక పెంకుటింటిపై వచ్చే అద్దెకు, అదే స్థలంలో కట్టిన నాలుగంతస్తుల పీజీ వసతిగృహంపై వచ్చే అద్దెకు పోలిక లేదు. అన్నదమ్ముల పంపకాలలో ఇల్లు ముక్కలవుతుంది. పాత ఇళ్ళలో మరుగుదొడ్డి, నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు సరిగా ఉండవు. సున్నపు గచ్చు పని తెలిసిన మేస్త్రీలు దొరకరు. దొరికినవారు సిమెంటుతో మరమ్మతు చేస్తారు. పాత సున్నపు గోడ లోపలి తేమను బయటకు వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది. అలా మరమ్మతే కూల్చివేతకు తొలి మెట్టు అవుతుంది.

నిర్లక్ష్యం మరొక కారణం. లాల్‌బాగ్‌లో జర్మన్ ఉద్యానశాస్త్రవేత్త క్రుంబీగెల్ పేరుతో ఒక ఉపన్యాస మందిరం ఉండేది. సుమారు నూట యాభై ఏళ్ళ ఆ భవనాన్ని బాగుచేయాలన్న మాట చాలాకాలం వినిపించింది. పని మొదలు కాకముందే అది శిథిలమై కొంత కూలగా, 2017లో మిగిలిన భాగాన్ని తొలగించారు. ఏటేటా కొద్దిపాటి వ్యయంతో పోయే పని వాయిదాలతో అసాధ్యమవుతుందనడానికి ఇదొక గుణపాఠం.

నిలిచినవి, కూలినవి

కూల్చివేత మొదలైన తరువాత సైతం కట్టడం నిలిచిన సందర్భాలున్నాయి. మైసూరు యాదవగిరిలో రచయిత ఆర్.కె. నారాయణ్ నివసించిన ఇంటిని 2011లో కూల్చడం ప్రారంభించారు. పత్రికలలో వార్త రాగానే పౌరులు అభ్యంతరం తెలిపారు. అధికారులు పని ఆపించారు. ప్రభుత్వపక్షాన ఆ ఇంటిని కొని, బాగుచేసి, 2016లో స్మారక గృహంగా ప్రజలకు తెరిచారు. సగం పగిలిన గోడలు మళ్ళీ నిలబడ్డాయి.

హైదరాబాదులో రెండు భిన్న ఫలితాలు కనిపిస్తాయి. పంతొమ్మిదవ శతాబ్దిలో నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఇర్రం మంజిల్‌ను, జనం నోట ఎర్రమంజిల్‌ను, తొలగించి అక్కడ కొత్త శాసనసభ కట్టాలని 2019లో నిర్ణయం జరిగింది. పౌరులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. భవనం నిలిచింది. సచివాలయ ప్రాంగణంలో ఆరవ నిజాం కాలం నాటి జీ బ్లాకు మాత్రం మిగతా పాత భవనాలతోపాటు 2020లో నేలమట్టమైంది. అక్కడ కొత్త సచివాలయం 2023లో ప్రారంభమైంది. కొత్త భవనం అవసరమా కాదా అన్నది వేరు చర్చ. ఒక నగరంలో ఒక భవనం నిలిచి మరొకటి పోవడానికి వాటి వయసు కారణం కాదు. సకాలంలో ఎవరు అడిగారు, ఏ ఆధారాలతో అడిగారు అన్నదే ముఖ్యమని ఇటువంటి ఉదాహరణలు సూచిస్తాయి.

పరాయి ఊరు అన్న భావన

“ఇది మన ఊరు కాదు గదా, ఇక్కడి పాత గోడలతో మనకేమి పని?” అని వలస వచ్చినవారు అనుకోవడం సహజం. చరిత్ర ఈ భావనను సమర్థించదు. బెంగళూరు నిర్మాత కెంపేగౌడ పేరిట ‘గంగాగౌరీ విలాసము’ అనే తెలుగు యక్షగానం ప్రసిద్ధి పొందింది. ఈ నేలపై తెలుగు వినబడడం ఐటీ ఉద్యోగాలతో మొదలైనది కాదు.

ఇంకా గొప్ప ఉదాహరణ బెంగళూరు నాగరత్నమ్మ జీవితంలో ఉంది. తెలుగులో కీర్తనలు రచించిన త్యాగరాజస్వామి సమాధి తమిళదేశంలోని తిరువయ్యారులో, కావేరి ఒడ్డున ఆలనాపాలనా లేక ఉండేది. కన్నడదేశంలో పుట్టి, ఈ నగరం పేరునే ఇంటిపేరుగా ధరించిన ఆ గాయని అక్కడికి వెళ్ళి, నగలు అమ్మి, స్థలం సంపాదించి, 1921లో ఆలయానికి పునాది వేయించింది. 1925లో కుంభాభిషేకం జరిగింది. నేడు ఏటా ఆరాధనోత్సవాలు జరుగుతున్నది ఆ చోటనే. ఆమె “అది ఏ భాషవారిది, ఏ ఊరివారిది?” అని లెక్కవేసి ఉంటే ఆ సమాధి నది ఒడ్డు పొదలలో కలిసిపోయి ఉండేది.

తెలుగువారి జ్ఞాపకాలను పరాయి ఊళ్ళూ కాపాడుతున్నాయి. పొట్టి శ్రీరాములు 1952లో ఆమరణ నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న అసువులు బాసినది మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంటిలో. నేడు ఆ చోట స్మారక భవనం ఉంది. చెన్నైలో ఆ గుర్తు నిలవాలని కోరే తెలుగువారు, బెంగళూరులో ఇక్కడివారి గుర్తులను నిలపడంలో చేయి కలపడం న్యాయం.

చట్టం ఏమంటుంది

సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగంలోని 51ఏ అధికరణం చెబుతుంది. జాతీయ ప్రాముఖ్యం గల స్మారకాలను రక్షించడం రాజ్యపు బాధ్యత అని 49వ అధికరణం నిర్దేశిస్తుంది. కేంద్రరక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై రెండు వందల మీటర్ల వరకు అనుమతి అవసరం. కర్ణాటకలో 1961 నాటి ప్రాచీన, చారిత్రక స్మారకాల చట్టం రాష్ట్రరక్షిత కట్టడాలకు వర్తిస్తుంది. నేలలో దొరికిన నిధినిక్షేపాల సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలని కూడా చట్టం ఉంది.

అయితే రక్షిత కట్టడాల జాబితాలో చేరినవి కొద్ది. వీధిలోని పెంకుటిల్లు, గ్రామపు చావడి, రావికట్ట, దిగుడుబావి సాధారణంగా ఆ జాబితాలో ఉండవు. వాటికి చట్టం కంటే ముందు ఇరుగుపొరుగువారి ఎరుకే రక్షణ.

పౌరులు చేయగల పనులు

ప్రతి పాత కట్టడాన్నీ నిలపడం సాధ్యం కాదు. ప్రమాదకరమైన గోడను నిలపడం మంచిదీ కాదు. కాబట్టి మూడు మార్గాలను వేరు చేసి చూడాలి. నిలపగలిగినదానిని నిలపడం మొదటిది. రూపం మార్చకుండా కొత్త ఉపయోగానికి తేవడం రెండవది: పాత ఇల్లు గ్రంథాలయం కావచ్చు, బాలల బడి కావచ్చు. తొలగించక తప్పనప్పుడు ముందుగా వివరంగా నమోదు చేయడం మూడవది.

నమోదుకు ఎంత శక్తి ఉన్నదో పోలెండు రాజధాని వార్సా నిరూపించింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ నగరపు పాతపేట దాదాపుగా నేలమట్టమైంది. వాస్తువిద్యాలయపు ఆచార్యులు, విద్యార్థులు గీసి దాచిన కొలతల పటాలు, పద్దెనిమిదవ శతాబ్ది చిత్రకారుడు బెలొట్టో చిత్రాలు ఆధారంగా దానిని తిరిగి కట్టారు. 1980లో యునెస్కో ఆ పేటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బెంగళూరు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లోనే ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ తొమ్మిదవ సంపుటంగా ప్రకటించినందువల్ల, శిల కనబడకపోయినా దానిపై రాసినది నేటికీ చదవగలుగుతున్నారు.

సామాన్య కుటుంబం చేయగల పనులు ఇవి:

1. వీధిలోని పాత కట్టడాలను గుర్తించి, ముందువైపు, ప్రక్కలు, లోపలి భాగం, తలుపులు, స్తంభాలు కనిపించేలా ఫోటోలు తీసి, తేదీ, స్థలం రాసిపెట్టడం. ఇంటి లోపల ఫోటోకు యజమాని అనుమతి తప్పనిసరి.

2. ఆ ఊరి పెద్దలను అడిగి, కట్టినవారెవరు, చెరువు ఎక్కడ ఉండేది, జాతర ఏ దారిన వెళ్ళేది అన్న వివరాలను వారి మాటలలోనే రికార్డు చేయడం. కన్నడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠశాల లేదు.

3. నిర్మాణ పనులలో ఉన్న మేస్త్రీలు, కూలీలు, ఇంజనీర్లు తవ్వకంలో అక్షరాలో బొమ్మలో ఉన్న రాయి కనబడితే పని ఆపడం. దానిని గడ్డపారతో పెకలించడం, ఉలితో గీకడం, రంగు పూయడం, నూనె పోయడం తగదు. ఉన్నచోటనే ఫోటో తీసి, స్థానిక నగరపాలక కార్యాలయానికి, రాష్ట్ర పురాతత్త్వ శాఖకు తెలపాలి. ఆ రాయిని మొదట చూసే కన్ను చాలాసార్లు పండితునిది కాదు, పలుగు పట్టినవానిది.

4. అపార్టుమెంటు సంఘాలు కొత్త ప్రాంగణానికి పేరు పెట్టేటప్పుడు పాత ఊరిపేరును, చెరువుపేరును నిలపడం. ద్వారం వద్ద ఆ స్థలపు చరిత్రను రెండు మూడు భాషలలో పలకపై రాయించడం.

5. స్వగ్రామంలో పాత ఇంటిని అమ్మబోయే ముందు గదుల కొలతలు, పటం, భాగాల పేర్లు, అందులో నివసించినవారి వివరాలు ఒక పుస్తకంలో రాసి పిల్లలకు అప్పగించడం. అమ్మకపుపత్రంలో సరిహద్దులుంటాయి, ఏ గదిలో ఎవరు పుట్టారో ఉండదు.

చర్చకు ప్రశ్నలు

1. బేగూరు శిల లేకపోతే బెంగళూరు చరిత్రలో ఏ విషయం తెలియకుండా పోయేది?

2. పాత ఇంటి యజమానికి కలిగే నష్టాన్ని సమాజం ఏ విధంగా పంచుకోవచ్చు?

3. కష్టాన్ని, అవమానాన్ని గుర్తుచేసే కట్టడాలను నిలపాలా? ఎందుకు?

4. మీరు నివసించే వీధికి ఆ పేరు ఎలా వచ్చింది? తెలియకపోతే ఎవరిని అడగవచ్చు?

కన్నడ పదాలు – తెలుగు అర్థాలు

కాళగ – యుద్ధం
కల్లు – రాయి
జగలి – అరుగు
కెరె – చెరువు
హళె – పాత
మనె – ఇల్లు
నెనపు – జ్ఞాపకం